బాబాయి సీపీయూ

పోయిన ఆదివారం చుండూరు మీద రాసింది చదివి, ఆ ముసలాళ్ళ మాటలు నీకెక్కడ దొరికాయని చాలామంది అడిగారు. ఎక్కువమంది ప్రేమగానే అడిగారు. ఒకరిద్దరు మాత్రం "ఆధారాలుంటే పెట్టండి మేడమ్" అన్నారు. పెడతాను. ఆధారం ఒక పాత సీపీయూ. రేపల్లెలో మా పిన్ని ఇంట్లో, మంచం కింద, యూరియా సంచిలో చుట్టి ఉండేది.

మా బాబాయి తెనాలిలో డీటీపీ చేసేవాడు. పెళ్ళిపత్రికలు, చర్చి పాటల పుస్తకాలు, సంఘం కరపత్రాలు, తాసిల్దారుకి పెట్టుకునే అర్జీలు. తెనాలి అచ్చు ఊరు. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరనీ, త్రిపురనేని రామస్వామి స్థిరపడిన ఊరనీ నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్తాను. ఆ ఊళ్ళో అక్షరాలు కూర్చిన చేతుల గురించి చెప్పడానికి నా దగ్గర పుస్తకం లేదు. డాక్టరేట్ చేసేటప్పుడు వెతికాను, దొరకలేదు. బాబాయి ఆ చేతుల్లో ఒకడు. పగలు ఊరి పని చేసి, రాత్రి ఇంటికొచ్చి సొంత పని చేసుకునేవాడు. మా పల్లెల్లో ముసలాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, తర్వాత టైపు చేసేవాడు. పాలేరుతనం, 1977 నవంబరు ఉప్పెన, నాట్ల పాటలు, 1991 ఆగస్టు. నోటుబుక్కులు చెదలు తినేశాయి. 2021లో కరోనా రెండో దెబ్బకి బాబాయి పోయాడు. మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పిన్ని ఇంటి రేకులు రెండు లేచిపోయాయి. పెట్టె నీళ్ళలో మునగలేదు గాని చెమ్మ పట్టింది. నేను బాపట్లలో కాలేజీకి సెలవు దొరకగానే వెళ్ళాను. "అమ్మాయ్, మీ బాబాయి అందులో ఏం దాచాడో నాకు తెల్దు. నువ్వు చదువుకున్నదానివి, చూడు" అంది పిన్ని.

స్విచ్ నొక్కితే ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. లోపల్నుంచి పొడుగ్గా కూత. ఆగి మళ్ళీ కూత. తర్వాత తెలిసింది, అది యంత్రం మూలగడం కాదు, మాట్లాడటమట. ర్యామ్ అనే చిన్న పలక సరిగ్గా ఆనకపోతే చాలా పాత మదర్‌బోర్డులు అలాగే పొడుగ్గా కూస్తాయి.

ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాం. అక్కడాయన మూత విప్పకుండానే తేల్చేశాడు. "ఇది పాత సామాను మేడమ్. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే తిరిగినన్నాళ్ళు తిరుగుద్ది." లోపలున్న ఫైళ్ళు కావాలన్నాను. "మీకు అర్థం కాదులెండి" అని పిన్ని చీర వైపు చూసి, "ఏముంటాయి ఇందులో, సినిమాలా?" అన్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, మీలో చాలామందికీ కాదు. పెట్టె తీసుకుని బయటికొచ్చాం.

ఆయన ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేదో చెప్తాను, ఇది మీ ఇళ్ళలోనూ పనికొస్తుంది. హార్డ్ డిస్క్ లైబ్రరీ లాంటిది. ఫైలు చెరిపినా, పైపైన ఫార్మాట్ కొట్టినా ముందు పోయేది కేటలాగు కార్డు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. కానీ ఆ బీరువా ఖాళీ అనుకుని యంత్రం కొత్త పుస్తకాలు సర్దుతుంది. విండోస్ మళ్ళీ ఎక్కించడమంటే లారీడు పుస్తకాలు తెచ్చి పాతవాటి మీద పోయడమే. ఆ తర్వాత ఏ మొనగాడూ తీయలేడు. కాబట్టి పోయిందనుకున్న డిస్క్ మీద ఏమీ రాయకూడదు, ఏమీ ఎక్కించకూడదు. టకటకమని చప్పుడొస్తుంటే పదేపదే ఆన్ చేసి చూడకూడదు. లోపల తిరిగే పళ్ళెం మీద తల గీసుకుంటుంటే ప్రతి ప్రయత్నమూ ఇంకొంచెం గీకినట్టే. ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో ఇంకో చిక్కుంది. చెరిపిన చోటుని అవి తమంతట తామే తుడిచేసుకుంటాయి. ఈ విషయంలో పాత తిరుగుడు డిస్కే నయం, పేదవాడి ఇల్లులాగా దేన్నీ తొందరగా పారేయదు.

తెనాలిలో స్టేషన్ దగ్గర మా పల్లె కుర్రాడు ఒకడు చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. డిప్లొమా మధ్యలో ఆగిపోయింది. ఫోన్‌లో వాడు చెప్పినట్టే డిస్క్ ఊడదీసి, కాయితంలో చుట్టి, నూలు తువ్వాలులో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకున్నాను. సీపీయూ కాళ్ళ దగ్గర పెట్టుకుని రేపల్లె-తెనాలి ప్యాసింజరెక్కాను. దారిలో భట్టిప్రోలు వచ్చింది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వితే ధాతువుల కరండాలు బయటపడ్డాయి. వాటి మీది రాతని బ్యూలర్ చదివాడు. అశోకుడి బ్రాహ్మికీ దానికీ కొన్ని అక్షరాల్లో తేడా ఉంది. పిల్లలకి ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు మాత్రం పాఠం మీద నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. రాతి మీది రాత రెండువేల ఏళ్ళు ఆగింది. నా ఒళ్ళోది పదిహేనేళ్ళకే నోరు మూసుకుంది.

కుర్రాడు మూత విప్పి పళ్ళు తోమే బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ర్యామ్ పలక తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ నొక్కాడు. కూత ఆగింది. తెర వెలిగింది. దాని మీద తారీఖు: 2002 జనవరి 1.

"అక్కా, సెల్లు చచ్చింది" అన్నాడు. రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి మదర్‌బోర్డు మీద ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది పోతే, ప్లగ్గు తీసిన ప్రతిసారీ యంత్రం తను పుట్టిన రోజుకి వెళ్ళిపోతుంది.

డిస్క్ సంగతి వేరే. దాన్ని ఆ పెట్టెలో తిప్పనివ్వలేదు వాడు. పాత ఐడీఈ డిస్క్, 40 జీబీ. ఒక అడాప్టర్‌తో తన ల్యాప్‌టాప్‌కి కలిపి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న లైనక్స్‌తో లేపాడు. విండోస్ అయితే డిస్క్ కనపడగానే "సరిచేయమంటారా" అని అడుగుతుంది, సరే అంటే ఉన్నదాని మీదే దిద్దుతుంది. వీడు దిద్దడం కాకుండా, ముందు ఉన్నది ఉన్నట్టు నకలు తీశాడు. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం. అది తెలివైంది. ముందు తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ చదివేస్తుంది. చెడిన చోట మొండికి పోకుండా గుర్తు పెట్టుకుని దాటిపోయి, చివర్లో వెనక్కొచ్చి ఒక్కో చిన్న ముక్కనీ మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. చాలా భాగం రెండు గంటల్లో వచ్చింది. మిగిలిన పిసరు కోసం రెండు రాత్రులు పట్టింది. వాడు కొట్టు మూయలేదు.

పిహెచ్‌డీ ఇంటర్వ్యూలకి తిరిగినప్పుడు ఇలా ఓపిగ్గా అడగడం ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. తడబడే మనిషిని ఒకచోటే పొడిస్తే ఉన్నదీ పోతుంది.

నకలులోంచి ఫైళ్ళు తీశాం. పేర్లున్నవి కొన్ని. కేటలాగు చెడిపోయినవాటిని ఫోటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం వెతికిపెట్టింది, కానీ వాటికి పేర్లు లేవు, నంబర్లే. కోర్టు కాయితాల్లో మన సాక్షులు కూడా పి.డబ్ల్యు. ఒకటి, పి.డబ్ల్యు. రెండు.

తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు, డాలర్ గుర్తులు. కుర్రాడు చెడిపోయిందనే అనుకున్నాడు. ఇక్కడ నా చదువు కొంచెం పనికొచ్చింది. అది చెడిపోవడం కాదు, అను ఫాంట్. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లోనే వచ్చింది, చుండూరు జరిగిన ఏడాదే. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ కూడా ఉంది. కానీ మన అచ్చుకొట్లు పేజ్‌మేకర్‌తో, అను లాంటి ఫాంట్లతోనే చాలా ఏళ్ళు నడిచాయి. వాటిలో "కొ" అనేది ఒక అక్షరం కాదు. తలకట్టు, కొమ్ము, వత్తు, ఇలా ముక్కలుంటాయి. ఆ ముక్కల్ని ఇంగ్లీషు గుర్తుల సీట్లలో కూర్చోబెట్టారు. ఫాంట్ ఉంటే కథ, లేకపోతే గీతలు. ఫాంట్ ఎక్కడిదంటే, ఆ డిస్కులోనే ఫాంట్స్ ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంది. తాళం, తాళంచెవి ఒకే సంచిలో.

ఆ పాత పేజ్‌మేకర్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లో సరిగా తెరుచుకోలేదు. అందుకని సీపీయూనే బాగుచేయాల్సొచ్చింది. కొత్త సెల్లు వేశాడు. మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్లు వడల్లా ఉబ్బితే వాటిని పీకి, ఎక్కడిదో చచ్చిన బోర్డు మీదివి అతికాడు. పవర్ సప్లై మార్చాడు. వేరే డిస్క్ పెట్టి ఎక్స్‌పీ ఎక్కించి, ఫాంట్ వేసి, మొదటి ఫైలు తెరిచాడు. తెలుగు వచ్చింది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత వాడు టీ చెప్పాడు.

ఇప్పుడు తారీఖుల దగ్గరికి వస్తాను, ఆధారం అడిగినవాళ్ళకి చెప్పాల్సింది అదే.

సెల్లు ఎన్నేళ్ళ కిందట చచ్చిందో గాని, దాదాపు ప్రతి ఫైలుకీ యంత్రం వేసిన తేదీ 2002 జనవరి 1. యంత్రాన్ని నమ్మితే ఇరవై ముగ్గురు ముసలాళ్ళూ ఒకే రోజు మాట్లాడినట్టు. బాబాయికి ఇది తెలుసు. ప్రతి పేజీ నెత్తిన తనే తారీఖు టైపు చేశాడు, ఊరి పేరుతో. మొదటిది 2008లో. అంటే చుండూరు ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చిన మరుసటేడు.

చిన్న పిల్లలు చదువుతుంటారు కాబట్టి చెప్తున్నాను. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్ళోనే పెట్టించుకున్నారు మనవాళ్ళు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చావులు ఏ వేళకి జరిగాయో, ఎక్కడ జరిగాయో, కొట్టిందెవరో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందంది. ప్రాణం కోసం పొలాలకడ్డంపడి పరిగెత్తేవాడు టైము చూసుకుని ఉండాలి.

బాబాయి ఫైళ్ళు వరసగా పేర్చుకుంటే ఒకటి కనపడింది. 2014 ఏప్రిల్ దాకా పేజీల నెత్తిన తారీఖు, ఊరు మాత్రమే ఉన్నాయి. ఆ తర్వాత వాటిలో అన్నిటికీ వేళ కూడా ఉంది. "పొద్దున తొమ్మిదిన్నర, చర్చి అరుగు మీద." కింద పక్కన కూర్చున్న ఇద్దరి పేర్లు. ఎందుకు మార్చాడో ఎక్కడా రాయలేదు, మాకూ చెప్పలేదు. చెప్పింది నాట్ల పాటైనా సరే, వేళ వేశాడు, సాక్షుల్ని పెట్టాడు.

ఇరవై మూడింట్లో పందొమ్మిది పూర్తిగా వచ్చాయి. మూడు అసలు తెరుచుకోలేదు. ఒకటి సగంలో ఆగింది. ఆమె తెనాలి పక్క పల్లె మనిషి. 1991 ఆగస్టులో తమ పల్లె ఆడవాళ్ళు చుండూరు నుంచి తెనాలికి వచ్చి తలదాచుకున్నవాళ్ళ కోసం, చర్చికి తీసే పిడికెడు బియ్యాన్ని ఎలా మళ్ళించారో చెబుతోంది. "సంచి నెత్తినెట్టుకుని నేను కాలవకట్ట దాటేతలికి" అన్నదాకా ఉంది. తర్వాత గీతలు. ఆమె ఇప్పుడు లేదు. పుస్తకంలో ఆ మాట దగ్గరే ఆపి, "ఇక్కడ ఫైలు చెడింది" అని వేస్తాను. ఊహించి పూరించమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. పూరించను.

యూనికోడ్‌లోకి మార్చడం ఇంకా నడుస్తోంది. కన్వర్టర్ వత్తులు మింగేస్తుంది. ఎదర ఉండాల్సిన ఏత్వాన్ని వెనక పెడుతుంది. ఒక్కో పేజీ అక్షరమక్షరం చూసుకోవాలి. "దాటేతలికి"ని "దాటేసరికి" అని దిద్దే చేతులు చాలా ఉన్నాయి, అందులో నా విద్యార్థులవీ ఉన్నాయి. దిద్దొద్దని చెప్పి కూర్చోబెట్టాను.

కుర్రాడు సామాన్ల ఖరీదు తీసుకుని కూలీ తీసుకోలేదు. వాళ్ళ పల్లె పేజీలు ప్రింటు తీసిమ్మన్నాడు, ఇచ్చాను. నకళ్ళు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి వాడి దగ్గర, ఒక పెన్‌డ్రైవ్ పిన్ని దగ్గర. చెమ్మ తగలదని పిన్ని దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. నెలకోసారి తీసి పని చేస్తుందో లేదో చూడమని నాకు ఫోన్ చేస్తుంది.

వచ్చే ఆదివారం ఉప్పెన గురించి చెప్పిన తాత పేజీ పెడతాను, తారీఖుతో సహా. రేపల్లె, వేమూరు, భట్టిప్రోలు, బాపట్ల వైపు మన ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు అటకల మీద ఉంటాయి. పాత ఇనుం వాడికి కిలోల లెక్కన వేసేముందు ఒక్క మెసేజ్ పెట్టండి. నేనో, వాడో వస్తాం. అప్పటిదాకా ఆన్ చేయకండి.