లిరిక్స్: నేనే

‘మేమ్ ఫేమస్’ 2023 మే 26న రిలీజైంది. అప్పుడు మేం ఇంటర్ సెలవుల్లో ఉన్నాం. ఊళ్లో ఖాళీగా తిరిగే మయి, దుర్గ, బాలి అనే ముగ్గురు ఫ్రెండ్స్ టెంట్ హౌస్ పెడతారు, అది పోయాక యూట్యూబ్ ఛానల్ పెడతారు. హీరో సుమంత్ ప్రభాసే డైరెక్టర్ కూడా. మేమూ ముగ్గురమే. నాది సూర్యాపేట, ఒకడిది కోదాడ, ఇంకొకడిది మిర్యాలగూడ. సినిమా అంతా నవ్వుతూనే చూశాం గానీ, బయటికొచ్చాక ముగ్గురి బుర్రలోనూ ఒకటే: వాళ్లకైతే మనకెందుకు కాదు?

2025 సంక్రాంతి సెలవుల్లో అయ్యింది. ప్లాన్ సింపుల్. ఒక ఫోక్ సాంగ్, డీజే బీట్, ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతర రాకముందే రిలీజ్. బడ్జెట్ నాలుగు వేలు. కెమెరా అంటే మిర్యాలగూడ వాడి అన్న ఫోన్. డ్రోన్ షాట్ కావాలని కోదాడ వాడు వాటర్ ట్యాంక్ ఎక్కాడు.

పాట మా అమ్మమ్మది. మిర్యాలగూడ దగ్గర పల్లెటూళ్లో, సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో ఆమె నలభై ఏళ్లు నాట్లేసింది. ఆమె పాడుతుంటే నేను ఫోన్‌లో టైప్ చేసుకున్నా, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. చదివిందంతా ఇంగ్లీష్ మీడియమే కదా, తెలుగు టైపింగ్ అంటే నాకు భయం. అది చూసి పాడిన మావాడు ‘నారు’ని ‘నరు’ అన్నాడు. ఎడిటింగ్ అయ్యేదాకా ఎవరికీ తెలియలేదు.

టైటిల్ కార్డులో ‘లిరిక్స్’ దగ్గర ఎవరి పేరు వెయ్యాలని అడిగారు. నా పేరే వేసుకున్నా. రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు.

అప్‌లోడ్ చేసిన కాసేపటికే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. నెట్‌లో ‘ఫ్రీ’ అని ఉంది కదా అని దించుకున్న బీట్ ఇంకెవరిదో. తప్పు మాదే. కంటెంట్ ఐడీ ఎట్లా పనిచేస్తుందో అప్పుడు చదివా. హక్కుదారులు ఇచ్చిన ఆడియో నుంచి ఫింగర్‌ప్రింట్ తయారుచేసి డేటాబేస్‌లో పెడతారు. కొత్తగా ఎక్కే ప్రతి వీడియోనీ దాంతో పోలుస్తారు. సీఎస్ఈ వాడిగా ముచ్చటేసింది. తర్వాత ఒక్కసారిగా సిగ్గేసింది. బీట్ ఎవరిదో మిషన్ పట్టేసింది. పాట ఎవరిదో దానికి తెలిసే దారే లేదు. అమ్మమ్మ ఏ డేటాబేస్‌లో ఉంది?

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని ముందు ఎవరు సేకరించారు, ఎవరికి పేరు రావాలి అని పెద్ద చర్చే నడిచింది. అప్పుడు పక్కన కూర్చుని తీర్పులు చెప్పినవాణ్ని నేనే.

బీట్ మార్చి, ‘నారు’ సరిచేసి, మళ్లీ ఎక్కించే ముందు అమ్మమ్మకి వీడియో చూపించా. టైటిల్ కార్డు ఆమె చదవలేదు. నేనే చెప్పా.

“అమ్మమ్మా, నీ పాటకి నా పేరు ఏసుకున్న.”

నవ్వింది. “నా పాటేంది రా? మా అత్త పాడుతుంటే నేర్చుకున్న. ఆమె ఎవరి దగ్గర నేర్చిందో.”

“మరి ఎవరి పేరు ఏద్దాం?”

కాసేపు ఆగింది. “నాట్లల్ల అందరం పాడేటోళ్లం. ఒకలు అందుకుంటే పదిమంది అనేది. ఎంతమంది పేర్లు ఏస్తవ్?” అని, మళ్లీ తనే, “మా అత్త పేరు ఎయ్ బిడ్డా. ఆమె పేరు యాడా లేదు, రేషన్ కార్డుల తప్ప” అంది.

లిరిక్స్ అనే మాట తీసేశాం. ‘నాట్ల పాట’ అని రాసి, కింద ఇద్దరి పేర్లు వేశాం, ముందు అమ్మమ్మ అత్తది, తర్వాత అమ్మమ్మది. ‘సేకరణ’ అని నా పేరు. ఆ మాట మా తెలుగు మేడమ్ చెప్పారు. మూడు పేర్లూ తెలుగులోనే టైప్ చేశా, అరగంట పట్టింది.

జాతర డీజేల్లో మా పాట మోగలేదు. వ్యూస్ మూడు వేల దగ్గర ఆగిపోయాయి. అందులో సగం అమ్మమ్మ ఫోన్‌వే అని మావాళ్ల డౌటు. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ వీడియో పెట్టి, అత్త పేరు వచ్చే దగ్గర ఆపమంటుందట.