ఎండదారిలో పాత దోస్తు కన్ను

వడదెబ్బ అనే మాటను ఎండకు వచ్చే ప్రతి నీరసానికీ వాడటం అలవాటైనా, వైద్యంలో దాని అర్థం చాలా ఇరుకైనది: శరీరపు లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి, దానితోపాటు మెదడు పని కూడా గాడి తప్పినప్పుడే అది వడదెబ్బ, తెలివి నిలిచి ఉండి, తల తిరగడం, వాంతి, నీరసం మాత్రమే ఉన్నంతవరకు అది ఎండ అలసట. ఈ రెండింటి మధ్య గీత మెదడు మీదుగానే పోతుంది కనుక, దాన్ని దాటినవాడికి తాను దాటిన సంగతి తెలియదు. ఎండలో దూరం నడిచేవాడికి తోడెందుకన్న ప్రశ్నకు వైద్యుడు ఇవ్వగల బలమైన జవాబు ఇదే.

వికారాబాద్ నుంచి తాండూరు సుమారు 40 కిలోమీటర్లు. ఆ నేలను ఎవరూ ఎడారి అనరు. అయినా మూసీ పుట్టిన అనంతగిరి అడవి నీడ వెనుకబడి, తాండూరు నాపరాతి గనుల దగ్గరికి చేరేసరికి, తవ్విపోసిన రాతికుప్పల మధ్య మీది ఎండ, కింది బండ వేడి రెండూ కలిసి ఒంటికి తగులుతాయి. మే నెలలో అక్కడ బండలెత్తే మనిషి శరీరం పడే శ్రమ, ఇసుకలో నడిచేవాడి శ్రమకు దగ్గరి చుట్టమే.

ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని ఒంటి నుంచి తీసుకుపోతుంది. పొడిగాలిలో ఆ చెమట అంగీని తడపకముందే ఆరిపోతుంది కాబట్టి, ఎంత నీరు పోయిందో బట్ట మీద మిగిలిన తెల్లటి ఉప్పుచారలే చెబుతాయి. అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అడాల్ఫ్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎడారిలో సైనికులపై తన బృందం చేసిన పరిశీలనలను 1947లో పుస్తకంగా వెలువరిస్తూ, చేతిలో నీళ్లున్నా మనిషి పోగొట్టుకున్నంత తాగడని చూపాడు. తాండూరు కార్మికుడు "దూప అయితలేదు సార్" అన్నప్పుడు అబద్ధమాడటం లేదు. అతని దాహమే వెనుకబడి నడుస్తోంది.

ఇలా ఎండకు పడిపోయిన రోగులు వచ్చినప్పుడు వైద్యునికి రోగి మాట కంటే వెంట వచ్చినవారి మాట విలువైనదవుతుంది, అందులోనూ ఎవరు వచ్చారన్నది తేడా తెస్తుంది. దారిన పోయే ఆటోవాలా తీసుకొస్తే "ఎండకు పడిపోయిండు" అన్నంతవరకే తెలుస్తుంది. పదిహేనేళ్లు పక్కన పనిచేసిన దోస్తు వస్తే, పొద్దటి నుంచి జోకులు వేసినవాడు పన్నెండు దాటాక ఊరకున్నాడని, చేతిలో ఉన్న గడ్డపారనే వెతికాడని, "వీడు ఇట్ల మాట్లాడేటోడు కాదు సార్" అని చెబుతాడు. ఆ ఒక్క వాక్యంలో రోగనిర్ధారణ ఉంది, జబ్బు మొదలైన వేళ కూడా ఉంది. ఒంటి వేడి ఎంతసేపు పైన నిలిచిందన్నదే కాలేయానికి, మూత్రపిండాలకు జరిగే నష్టాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది గనుక ఆ వేళ ఎంతో కీలకం. కండరాలు చితికి, వాటి రంగుపదార్థం రక్తంలో కలిసి, మూత్రం డికాషన్ రంగులోకి మారిన తరువాత తీసుకొచ్చినవారిని చూసినప్పుడు, మధ్యలో పోయిన ఆ గంట వైద్యుణ్ని చాలాకాలం బాధిస్తుంది.

ఆ గంట ఎక్కువగా బండి కోసం ఎదురుచూడటంలోనే పోతుంది. 108కి ఫోన్ చేస్తూనే, నీడకు చేర్చి, అంగీ తీసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరడం వెంటనే మొదలుపెట్టాలి. చల్లబరచడం ముందు, తరలించడం తరువాత. తెలివి లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి అది మాత్రం చేయరాదు. తెలివితో ఉండి నడిచేవాడికైనా గంటల తరబడి ఉత్త నీళ్లే పోస్తూ పోతే రక్తంలో సోడియం పలచబడి అదొక ప్రమాదమవుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న అంబలి ఈ ప్రాంతపు ఎండకు తగిన తిండి అని చెప్పడానికి వైద్యునికి సంకోచం అక్కర్లేదు.

పాత స్నేహితుడికి తెలిసే మరో సంగతి మాత్రలు. యాభై దాటినవాడు బీపీకి వాడే మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఒంట్లోని నీటిని ఇంకా తగ్గిస్తుంది. బీటా బ్లాకర్ అనే రకం మాత్ర ఎండకు తగినట్టు గుండె వేగం పెరగకుండా ఆపుతుంది. ఈ సంగతి రోగి చెప్పలేని స్థితిలో, దోస్తు అతని జేబులోంచి తీసిన ఖాళీ మందుపట్టీ చికిత్సకు దారి చూపుతుంది.

అయితే తోడు ఒక్కటే చాలదు. 2024 ఆగస్టులో సౌదీ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో, తెలంగాణ నుంచి ఉపాధికి వెళ్లిన ఒక యువకుడు, అతని సహోద్యోగి దారి తప్పి, బండిలో ఇంధనం అయిపోయి, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఒకే ఎండలో, ఒకే దాహంతో ఉన్నవారి మెదళ్లు దాదాపు ఒకేసారి తడబడతాయి. అప్పుడు ఒకరిని ఒకరు కనిపెట్టే కన్ను మిగలదు. అందుకే గల్ఫ్‌కు పోయే పిల్లలకు వైద్యులు, ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని చెప్పడంతోపాటు, గదిలో ఉండిపోయే ఊరి దోస్తుకు ఎటు పోతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ చెప్పి బయలుదేరమని, ఆ గంట దాటితే అతడు ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసిచ్చి పొమ్మని చెప్పాలి.