ఇంగ్ తోక, తెలుగు చెవి

మస్కట్‌లో ఇండియన్ స్కూల్ 1975లో మొదలైంది. ఒమన్‌లో పెరిగే తెలుగు పిల్లలు చాలామంది ఇలాంటి సీబీఎస్ఈ బడుల్లోనే ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకుంటారు. పార్టిసిపియల్ ఫ్రేజ్, అంటే క్రియాజన్య విశేషణం ఉన్న పదబంధం, కింద గీత గీయమంటే వాళ్లకు చటుక్కున తట్టే చిట్కా ఒకటే: ఇంగ్ తోకో ఈడీ తోకో ఉన్న మాటను పట్టుకోవడం. ఆ చిట్కా సగం దారిలోనే చేయి వదిలేస్తుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు అంతకన్నా గట్టి పరీక్ష అని నా వాదన. "హి ఈజ్ సెల్లింగ్ డేట్స్", "సెల్లింగ్ డేట్స్ ఈజ్ హిజ్ ట్రేడ్", "ద మ్యాన్ సెల్లింగ్ డేట్స్ ఈజ్ ఫ్రమ్ నిజ్వా" అన్న మూడింటా సెల్లింగే ఉంది. తెలుగులో అవి అమ్ముతున్నాడు, అమ్మడం, అమ్ముతున్న అని మూడు దారులు పడతాయి. మనిషి ముందు నిలిచి 'ఏ మనిషి' అన్నదానికి జవాబు చెప్పే మూడోదే మనకు కావలసింది. "ద ఫోర్ట్ బిల్ట్ బై ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ స్టాండ్స్ ఇన్ నిజ్వా" అన్నప్పుడు తోకే లేదు. పైగా "ద ఇమామ్ బిల్ట్ ఎ ఫోర్ట్" అన్నా అదే బిల్ట్. కట్టించిన, కట్టించాడు అనుకుంటే చిక్కు విడిపోతుంది. రూపం కన్నా పని ముఖ్యమనడానికి ఒమన్ వీధిలోని అరబ్బీయే సాక్ష్యం: "అనా రాయిహ్"లో రాయిహ్ రూపానికి క్రియాజన్య విశేషణం, చేసేది మాత్రం 'వెళ్తున్నాను' అనే క్రియ పని.

మన విశేషణం పేరుకు ముందొస్తుంది, ఇంగ్లీషులో ఇలాంటి పదబంధం తరచు వెనకొస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ 'ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన' అనగానే పదబంధం ఎంతవరకో కూడా తేలిపోతుంది. గల్ఫ్ పిల్లల తెలుగు పలచన అన్న మాటకూ బలం లేదు. తడబడుతూ మాట్లాడే పిల్లలు కూడా 'కట్టించిన కోట' అనవలసిన చోట 'కట్టించాడు కోట' అనరు. ఇంగ్లీషులోనే ఆలోచించాలనే ఉపాధ్యాయుల పట్టుదల మాట్లాడేటప్పుడు సరే. ఇది రాసినదాన్ని సరిచూసుకునే పని.

అసలు లాభం మరోచోట ఉంది. "వాకింగ్ ఎలాంగ్ ద మత్రా కార్నిష్, ద ఫోర్ట్ కేమ్ ఇన్‌టు వ్యూ" అన్న వాక్యంలో తప్పు చాలామంది కంటికి ఆనదు. 'మత్రా తీరం వెంట నడుస్తూ కోట కనిపించింది' అంటే మాత్రం కోటే నడిచినట్టుందని తెలుగు చెవి ఎదురుతిరిగి, 'నడుస్తుంటే' అని దిద్దుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో శత్రర్థకమని పిలిచిన రూపానికి నేటి వారసుడే ఈ 'తూ'. అది సాధారణంగా వాక్యంలోని కర్తనే తన కర్తగా కోరుతుంది. 'వాన కురిసి పంటలు పండాయి' అనమా అని అడ్డుపడేవారుంటారు. అంటాం. అక్కడ కర్తలు రెండు, కురవడం పండడానికి కారణం కాబట్టి భాష ఒప్పుకుంది. అందుకే 'కురిసి' లాంటి క్త్వార్థకం దగ్గర ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు.

మస్కట్‌లోని రువీలోనో గుబ్రాలోనో పిల్లల హోంవర్కు చూసే అమ్మానాన్నలు వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పించండి. మాట 'న'తో ఆగి పేరు కోసం చూసినా, 'తూ'తో ఆగి క్రియ కోసం చూసినా, గీత అక్కడే గీయించండి.