శిబి త్రాసు

రక్షణ జాలితో మొదలై బాధ్యతతో పూర్తవుతుంది. మహాభారతంలోని శిబి కథ తెలిపే సత్యం ఇదే. శరణు కోరిన పావురానికి ఆ రాజు అభయమిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. తన ఆహారం పోయిందన్న డేగ మాటలోని న్యాయాన్ని అంగీకరించి, తన దేహమాంసాన్ని కోసి త్రాసులో ఉంచాడు. ఒకరిని కాపాడే ప్రయత్నంలో మరొకరికి నష్టం కలిగితే, దానిని కాపాడినవాడే భరించాలన్నది అందులోని ధర్మం.

నేడు యువతీయువకులు ఉత్సాహంతో జంతురక్షణ సంఘాలను స్థాపిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలలో 2001 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు చేరి సంఘాన్ని నమోదు చేయవచ్చు. దానితో సంఘానికి చట్టరీత్యా ప్రత్యేక అస్తిత్వం లభిస్తుంది. కాని, అజాగ్రత్త వల్ల ఇతరులకు కలిగే హానికి పరిహారం చెల్లించవలసిన భారం తొలగిపోదు. గాయపడిన కుక్కను ఎత్తుకోబోయిన సేవకుణ్ణి అది కరవవచ్చు. ఆశ్రయం నుండి తప్పించుకున్న ఎద్దు బాటసారిని పొడవవచ్చు. అప్పుడు మూగజీవుల మేతకూ మందులకూ దాచిన సొమ్మే పరిహారంగా వెళ్ళిపోతుంది, సంఘం మూతపడుతుంది.

ఈ ఆపదకు విరుగుడు బీమా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రక్షణ వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అయితే అది వాహనం వల్ల ఇతరులకు జరిగే హానికే పరిమితం. పనిలో గాయపడిన ఉద్యోగికి చట్టం పరిహారపు హక్కునిస్తుంది. జీతం లేని స్వచ్ఛంద సేవకునికి ఆ ఆసరా సాధారణంగా ఉండదు. కనుక సేవకులకు ప్రమాద బీమానూ, బయటివారికి కలిగే హానికి పబ్లిక్ లయబిలిటీ బీమానూ విడిగా తీసుకోవాలి. పాలసీ పత్రంలో మినహాయింపుల భాగాన్ని ముందుగా చదవాలి. జంతువుల కాటు ఆ జాబితాలో ఉంటే, కాటుకు గురైన వేళ ఆ పాలసీ అక్కరకు రాదు.

బీమా ధనాన్నిస్తుంది కాని ప్రాణాన్ని తిరిగి ఇవ్వదు. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత మరణం దాదాపు అనివార్యం. కాబట్టి సేవకులకు ముందుగానే టీకాలు వేయించాలి, శిక్షణ ఇప్పించాలి. కరచిన గాయాన్ని వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వైద్యుని వద్దకు వెళ్ళాలన్న నియమం అందరికీ తెలియాలి.

శిబి తన దేహాన్నే ఇచ్చాడు. చదువుకుంటూ సేవకు వచ్చిన యువకుణ్ణి అంతటి త్యాగం కోరడం ధర్మం కాదు. ఒక్కరిపై పడే భారాన్ని పదిమందీ పంచుకొనే ఏర్పాటే బీమా. పావురానికి అభయమిచ్చే సంఘం, డేగకు చెల్లించవలసినదానిని కూడా ముందే సమకూర్చుకోవాలి.