పాత రూటర్ పన్జేస్తది నాయినా!

"అరేయ్, మన డబ్బా కొత్త నెట్‌కు పన్జేయదంటున్నడు. ఇంకోటి కొనాల్నంట. రెండు వేలిమ్మంటున్నడు." నల్గొండ నుంచి నాయిన ఫోన్.

వానాకాలమంతా ఇంట్లో నెట్ వచ్చుడు, పోవుడు. ఆదివారం పొద్దున డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ చేస్తే, మనవరాలి మొహం మధ్యలోనే ఆగిపోయేది. అమ్మ ఆ ఆగిపోయిన బొమ్మతోనే మాట్లాడుతూ కూర్చునేది. అందుకే కంపెనీ మార్చాం.

ఆ రూటర్ నా మొదటి జీతంతో కొన్నది. "నేను చెప్తున్న గదా, పన్జేస్తది. వైరు పెట్టి చూడమను" అన్నా. పెట్టిండు. రాలేదు. "చూసినవా?" అన్నడు నాయిన. ఆ ఒక్క మాట రాత్రంతా గుచ్చుకుంది. శనివారం ఎల్బీ నగర్‌లో బస్సెక్కేశా.

ఇంటికెళ్లి చూస్తే తప్పు రూటర్‌ది కాదు, సగం నాదే. వైరు పెడితే చాలనుకున్నా. అసలు రూటర్ అంటూ మనం రెండు డబ్బాలను ఒకటి చేసేస్తాం. ఫైబర్ తీగలో వచ్చేది వెలుగు. దాన్ని మామూలు సిగ్నల్‌గా మార్చే డబ్బా ఓఎన్‌టీ. దాని సీరియల్ నంబర్ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కితేనే లైన్ పలుకుతుంది. కంపెనీ మారితే సాధారణంగా అదీ మారుతుంది. పాతది తిరిగిచ్చేసి, డిపాజిట్ కట్టి ఉంటే అడిగి తీసుకోవాలి. దాని పక్కనుండే వైఫై రూటర్ మాత్రం మన సొంతం. దానికి ఏ కంపెనీ అయినా ఒకటే.

మరి ఎందుకు రాలేదు? అందులో ఇంకా పాత కంపెనీ యూజర్‌నేమ్, పాస్‌వర్డే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో పీపీపీఓఈ దగ్గర కొత్తవి కొట్టా. అయినా ఎర్ర లైటే! లైన్ పెట్టిన రోజు ఆ పిల్లగాడు తన రూటర్‌తో టెస్ట్ చేశాడట. లైన్ దాని మ్యాక్ అడ్రస్‌కే లాక్ అయింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి తీయించా. పది నిమిషాల్లో పచ్చ లైటు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చలేదు కాబట్టి టీవీ, ఫోన్లు వాటంతటవే కలిసిపోయాయి.

మీరూ మారుతుంటే ముందే అడగండి: పీపీపీఓఈ వివరాలిస్తారా? వీలాన్ ఐడీ ఏమైనా ఉందా? ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా? పెట్టకపోతే లాగిన్ ఆ డబ్బాలోనే ఉంటుంది, మన రూటర్‌లో డైనమిక్ ఐపీ ఎంచుకుంటే సరి. కొత్తది నడిచేదాకా పాత లైన్ కట్ చేయించొద్దు.

అన్ని పాత డబ్బాలూ పనికొస్తాయని కాదు. ల్యాండ్‌లైన్ తీగ మాత్రమే పట్టే పాత మోడెమ్ ఫైబర్‌కు పనికిరాదు. 100 ఎంబీపీఎస్ పోర్టులున్న రూటర్‌కు 200 ప్లాన్ వేసినా 100 దాటదు. అప్‌డేట్లు ఆగిపోయినదాన్ని మార్చడమే మంచిది.

ఆదివారం అక్క కాల్ ఎక్కడా ఆగలేదు. నాయిన మాత్రం ఏమనలేదు. బస్టాండ్‌లో దింపి వెళ్తూ అన్నడు: "పక్కింటోళ్లు గూడ కంపెనీ మారుస్తున్నరంట. డబ్బా పారేయకున్రి, మావోడున్నడని చెప్పిన."