రాత్రి పదిగంటల ఆకలి

రెండేళ్ల కిందట నేనొక చిన్న దొంగతనం చేశాను. విజయవాడలో నేను పాఠాలు చెప్పే ప్రయివేటు జూనియర్ కాలేజీలో రాత్రి చదువుల పర్యవేక్షణ వంతులవారీగా మా మీద పడుతుంది. ఆ రాత్రి మొదటి సంవత్సరం కుర్రవాడొకడు లెక్కల పుస్తకం చాటున కారప్పూస పొట్లం పెట్టుకుని తింటూ నా కంట పడ్డాడు. "ఏమిట్రా ఇది? భోజనం చేసి గంట కాలేదు, అప్పుడే ఆకలా?" అన్నాను. వాడు తల వంచుకుని, "ఆకలి కాదు సార్. రేపు పరీక్ష" అన్నాడు. ఆ జవాబు నాకు అర్థంలేనిదిగా తోచింది. పొట్లం లాక్కుని, ఆరోగ్యం గురించి నాలుగు నీతులు చెప్పి పంపాను. తరవాత స్టాఫ్ రూములో వారాంతపు పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. నలభయ్యో పేపరు దిద్దేసరికి పొట్లం ఖాళీ అయింది. నాకూ అప్పుడు ఆకలి లేదు.

ఆ యేడే రక్తపరీక్షలో పరగడుపు చక్కెర 118 వచ్చింది. జబ్బు ఇంకా ఇంట్లోకి రాలేదు గాని గుమ్మంలో నిలబడి ఉందన్నారు డాక్టరుగారు. మా నాన్నగారికి రెండు కాలివేళ్ళు తీసేయవలసి వచ్చింది ఈ జబ్బువల్లనే. అంచేత నేను నిజంగానే భయపడ్డాను. ఏం చెయ్యమంటారని అడిగితే, "నోరు కట్టుకోండి మాష్టారూ" అన్నారాయన.

నోరు కట్టుకోవటమనే సలహాలో ఒక సిద్ధాంతం దాగివుంది. తినటం మనిషి ఇష్టం, మానటం మనిషి సంకల్పం, మానలేనివాడు బలహీనుడు అన్నదే ఆ సిద్ధాంతం. 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు వెలువడినాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్లమంది నాలాగా గుమ్మం దగ్గర ఉన్నారు. వీళ్ళంతా దిగులుపడి తిన్నవాళ్ళేనని నేననను. వంశం ఉంది, మూడు పూటలా తెల్లబియ్యం ఉంది, కూర్చుని చేసే పని ఉంది. కాని ఇరవై మూడు కోట్లమందికి ఒకే తరంలో సంకల్పబలం నీరుగారిపోయిందని నమ్మటం హేతువాదికి సాధ్యంకాదు.

శాస్త్రం ఏమంటుందో చూద్దాం. కాలిఫోర్నియాలో మేరీ డాల్మన్, ఆమె సహచరులు ఎలుకల మీద చేసిన పరిశోధనల ఆధారంగా 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. విడవకుండా ఒత్తిడికి గురయే ప్రాణి శరీరంలో కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగి, అది చక్కెరనూ కొవ్వునూ కోరుతుందనీ, అలా తినగా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుందనీ, ఆ తిండి ఒత్తిడిని కొంత అణుస్తుందనీ అందులో ప్రతిపాదించారు. అంటే కారప్పూస పనిచేస్తుందన్నమాట! పనిచెయ్యని మందైతే మానటం సులువయేది.

ఇది శాస్త్రజ్ఞులకన్న ముందే సమాజాన్ని పరిశీలించినవారికి తెలుసు. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిని గురించి రాస్తూ, అలసి సొలసి చెమ్మపట్టిన కొంపకు చేరే మనిషికి తాగుడు తప్ప మరో సుఖం మిగలలేదని చూపించాడు. 1937లో ఆర్వెల్ (మనలో చాలామందికి ఆయన గిట్టడు, కాని ఈ సంగతిలో ఆయన చూపు సూటిగా ఉంది) ఉత్తరాది నిరుద్యోగులు పోషకాహారం వదిలి తియ్యటి టీతో, రొట్టెతో ఎందుకు గడుపుతారో వివరించాడు. వేధింపుకు లోనైన మనిషికి చప్పిడి తిండి రుచించదు. కాస్త రుచిగా ఏదో కావాలి. అటువంటివారికి పొదుపుగా సరుకులు కొనుక్కోవటం నేర్పబోయిన ధనిక స్త్రీల మీద ఒక కమ్యూనిస్టు వక్త మండిపడితే ఆయన మనసారా సమర్థించాడు. కుర్రవాడికి నీతులు చెప్పిన రాత్రి నేను కూడా ఆ దొరసానుల జట్టులోనే ఉన్నాను.

అలాగని ఊరుకుంటే వేళ్ళు పోతాయి. సమాజం మారితే గాని తిండి మారదనే మిత్రులు నాకున్నారు. వాళ్ళ మాట తప్పని అనలేను గాని నా క్లోమం అంతకాలం ఆగదు.

మొదట కీరదోస ముక్కలు డబ్బాలో పెట్టుకుపోయాను. ముక్కలన్నీ తిని, తరవాత పునుగులు తెప్పించుకున్నాను. తినబుద్ధి పుట్టినప్పుడు గ్లాసుడు నీళ్ళు తాగమని ఎవరో అంటే అదీ చేశాను; ఫలితం మీరు ఊహించగలరు. చివరికి పాత అటెండెన్సు పుస్తకం ఒకటి తీసుకుని, ఏం తిన్నానో, ఎప్పుడు తిన్నానో, అంతకుముందు ఏం జరిగిందో మూడు వారాలు రాశాను. నేను ఒకటనుకుంటున్నది నిజానికి రెండని తేలింది. సాయంత్రం అయిదింటిది అసలైన ఆకలి. పన్నెండుంబావుకు ఇరవై నిమిషాల్లో భోజనం ముగించి, మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నరకు తినేవాడికి అయిదింటికి ఆకలి కాక ఏమవుతుంది? రాత్రి పదింటిది ఆకలి కాదు. అది ర్యాంకుల సమీక్ష జరిగిన రోజుల్లోనే వచ్చేది. ఆ సమీక్షలో ఏ సెక్షనుకు ఎన్ని మార్కులు తగ్గాయో, ఏ మాష్టారి పేరు మీద తగ్గాయో అందరి ఎదుటా చదువుతారు.

అయిదింటి ఆకలికి గుగ్గిళ్ళు సరిపోయాయి. రాత్రి నానేసిన శనగలు ఉడికించి, ఆవాలూ ఎండుమిరపకాయా తాలింపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలు కలిపి నిమ్మకాయ పిండితే కారప్పూస మీదికి మనసు పోదు. వేరుశనగలు ఉడకబెట్టుకున్నా సరే. మా ఆవిడకూ ఉద్యోగమే గనక నానెయ్యటం, ఉడికించటం నా పని. ఆరోగ్య సలహాలన్నీ ఇంట్లో ఎవరో ఆడమనిషి వండిపెడుతుందనే ధీమాతో రాసినవి. ఈ సంగతి కుక్కరు ముందు నిలబడ్డాక గాని నాకు తట్టలేదు.

పదిగంటల దానికి ఏ గింజా పనిచెయ్యలేదు. ఒక సమీక్ష అయాక వృక్షశాస్త్రం మాష్టారు, "అలా కాలవగట్టు దాకా పోయొద్దాం రండి" అన్నారు. బందరు కాలవ పక్కన అరగంట పచార్లు చేశాం. ఆయన యాజమాన్యాన్ని తిట్టారు, నేనూ తిట్టాను. తిరిగివచ్చి పేపర్లు దిద్దాను, పొట్లం గుర్తురాలేదు. నడకవల్లనా, తిట్లవల్లనా అని అడిగితే చెప్పలేను. నెల తిరిగేసరికి కాలవగట్టు మీద ఆరుగురమయ్యాం. తిట్టి తిట్టి విసుగెత్తి, భోజన విరామం గంట ఉండాలనీ, రాత్రి సమీక్షలు మానాలనీ ఒక అర్జీ రాశాం. పందొమ్మిదిమంది సంతకాలు చేశారు.

సమీక్ష పగటికి మారింది. భోజనం మాత్రం ఇంకా ఇరవై నిమిషాలే. సంతకాల్లో మొదటిది వృక్షశాస్త్రం మాష్టారిది. మరుసటి యేడు ఆయనకు పిలుపు రాలేదు. ఇప్పుడాయన ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నారు. అప్పుడప్పుడు ఫోను చేసి, "శనగలు నానేశారా?" అంటారు. నా చక్కెర 104కు దిగింది. ఆయనకు పిలుపు రాలేదని తెలిసిన రాత్రి అరకిలో పకోడీలు తిన్నాను.

పరీక్షలైపోయి కుర్రవాళ్ళు హాస్టలు ఖాళీచేసే రోజున ఆ అబ్బాయిని పిలిచి, "నీకొక కారప్పూస పొట్లం బాకీ ఉన్నానురా" అని జరిగింది చెప్పాను. వాడు కాసేపు బిత్తరపోయి చూసి, పెద్దగా నవ్వాడు.

"అది నాది కాదు సార్. పక్క మంచం వాడిది. వాడికి తెలీకుండా తెచ్చుకున్నాను."