కల్పవృక్షం పక్కన విషవృక్షం

తెలుగు ఆడవాళ్ళకి రాముడు ముందు అల్లుడు, ఆ తరవాతే దేవుడు. సీత మనింటి పిల్ల. (వాల్మీకి మిథిల అన్నాడు సరే, ఆయన మాట ఆయనది!) శ్రీరామనవమి పందిట్లో తలంబ్రాలు పోసేటప్పుడు మనమంతా ఆడపెళ్ళివారి వైపే నిలబడతాం. మా అమ్మమ్మ అయితే ఉత్తరకాండ పేరెత్తితే చాలు, "నిండు చూలాల్ని అడవికి పంపాడమ్మా మహానుభావుడు" అని చెంగుతో కళ్ళొత్తుకునేది. ఆ వెంటనే లేచి ఆ మహానుభావుడికే దీపం పెట్టేది.

అంచేత రాముణ్ణి ఎవరైనా ఓ మాటంటే నాకు కడుపులో తగులుతుంది. ఇంటికొచ్చిన చుట్టం మన పిల్లాణ్ణి పట్టుకుని "వెధవ" అంటే ఎలా వుంటుందో అలా వుంటుంది. ఈ బాధ నిజమైందే. "మరీ చాదస్తం ఆంటీ, దీనికీ బాధేనా!" అని నవ్వే కుర్రకారుతో నేను ఏకీభవించను.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈమధ్య మా కాలనీలో ఒక కాగితం ఇంటింటికీ తిరిగింది. మా చిన్న లైబ్రరీ బీరువాలో విశ్వనాథ సత్యనారాయణగారి శ్రీమద్రామాయణ కల్పవృక్షం వుంది. దాని పక్కనే రంగనాయకమ్మగారి రామాయణ విషవృక్షమూ వుంది. 1970లలో వచ్చినప్పుడు అది ఎంత గగ్గోలు పుట్టించిందో మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రెండోదాన్ని బీరువాలోంచి తీసెయ్యాలని అర్జీ. రిజిస్టరు చూస్తే ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదట. అర్జీ పుట్టాక మాత్రం ముగ్గురు పేర్లు రాయించుకున్నారు!

కాగితం పట్టుకొచ్చింది ఎవరో కాదు, ప్రతి శనివారం నాతో కూర్చుని సుందరకాండ పారాయణ చేసే పక్కవీధి వదినగారు. "మొదటి సంతకం మీదే వుండాలని చోటు వదిలాను వదినగారూ" అంది.

ఆ పుస్తకం మొదటి భాగం సగం చదివాను నేను. స్వీట్ హోమ్ రాసినావిడ కదా అని ఎంతో ఇష్టంగా మొదలుపెట్టి, ఓ చోట చేతులు వణికి మూసేశాను. మళ్ళీ తెరవలేదు. ఆ వెటకారం నాకు మింగుడుపడదు. ఆ మాటే చెప్పాను. "మరింకేం, పెట్టండి" అని కలం ఇచ్చింది. నేను పెట్టలేదు.

మన దేవుళ్ళకి తిట్లు తినడం కొత్తా చెప్పండి? చేయించిన నగలు ఒక్కొక్కటే లెక్క చెప్పి మరీ రాముణ్ణి దెప్పాడు రామదాసు. వాటిని మనం తాళాలు వాయిస్తూ భజనల్లో పాడుకుంటాం. కృష్ణాజిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువుని కాసుల పురుషోత్తమకవి శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. వేమన విగ్రహాల మీద అన్న మాటలు ఇవాళ ఎవరైనా మైకులో అంటే వూళ్ళో ఏమవుతుందో!

వదినగారు తెలివైన మనిషి. "వాళ్ళు భక్తులండీ. తిట్టిన నోటితోనే శరణన్నారు. ఈవిడ అసలు దేవుడే లేడంటుంది. రెండూ ఒకటేనా?" అంది. కాదు. ఆ తేడా లేదని నేనూ అనను. కాని భక్తుడికిచ్చిన నోరు భక్తి లేనివాళ్ళకి ఇవ్వమంటే, కొన్ని ప్రశ్నలు ఎవరూ అడగరు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు శంబుకవధ నాటకం రాశారు. తపస్సు చేసుకునే శూద్రుణ్ణి ఎందుకు చంపాలన్న ప్రశ్న, ఆ కత్తి తమ మెడ మీద పడ్డదని అనుకున్నవాళ్ళు అడుగుతారు గాని, పల్లకీ మోసేవాళ్ళు అడుగుతారా?

"ఇంకో మతాన్ని ఇలా అనగలరా? తలకాయలు ఎగిరిపోవూ?" అని ఆఖరి అస్త్రం వేసింది. ఈ మాట మీరూ వినే వుంటారు. తలకాయ ఎగిరిన కథ ఒకటి నాకు తెలుసు. 1920లలో లాహోరులో మహమ్మదు ప్రవక్తని హేళన చేస్తూ ఒక పుస్తకం వచ్చింది. ప్రచురణకర్త రాజ్‌పాల్‌కి కింది కోర్టు శిక్ష వేసింది. అప్పటి చట్టంలో దీనికి చోటు లేదని 1927లో హైకోర్టు విడిచిపెట్టింది. చోటు కల్పించడానికి ఆ ఏడాదే 295-ఏ సెక్షను తెచ్చారు. అయినా 1929లో రాజ్‌పాల్‌ని పొడిచి చంపారు. దాన్ని చూసి మనం అసూయపడాలా?

ఆ సెక్షనే 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వది. మూడేళ్ళ దాకా జైలు. అయితే అందులో ఓ మెలిక వుంది. నాకు మనసు నొచ్చుకుంటే చాలదు, ఎదుటివాడు కావాలని, దురుద్దేశంతో అవమానించి వుండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షను చెల్లుతుందంటూనే ఆ తేడా చెప్పింది. నాకది ఇంటి భాషలో ఇలా అర్థమైంది: కల్యాణం జరుగుతుంటే పందిట్లోకొచ్చి చెప్పు విసిరేవాడు వేరు, పుస్తకం రాసి బీరువాలో కూర్చున్నావిడ వేరు. ఆవిడ నా దగ్గరికి రావాలంటే నేను లేచి తాళం తియ్యాలి.

సంతకం పెట్టలేదు గాని వూరుకోనూ లేదు. లైబ్రరీ సూచనల పుస్తకంలో, విషవృక్షం నాకెందుకు నచ్చలేదో ఒకటిన్నర పేజీ రాసి కింద పూర్తి పేరు పెట్టాను. అది చదివి ఒకమ్మాయి, "ఆంటీ, మీరు సగమే చదివి ఇంత రాశారా?" అంది. పోనీ, ఆ పిల్లనే మిగతా సగం చదివి చెప్పమన్నాను.

వదినగారు రెండు శనివారాలుగా పారాయణకి రావడం లేదు. మొన్న వడపప్పూ, పానకమూ వాళ్ళబ్బాయి చేత పంపించాను. సాయంత్రానికి గిన్నె తోమి తిప్పి పంపింది, వూరికే కాదు, అందులో నాలుగు జామకాయలు వేసి.